పని చోట ఓదార్పు ఎవరి అమానత్?

ఆరాం అంటే విశ్రాంతి. ఘర్ అంటే ఇల్లు. ఇంత చల్లని పేరు పెట్టుకున్న ఆరాంఘర్ చౌరస్తాలో విశ్రాంతి ఎరిగినవారు తక్కువ. మెహదీపట్నంలో బయలుదేరిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్లకు పైగా స్తంభాల మీద సాగి ఇక్కడే నేలకు దిగుతుంది. బెంగుళూరు రహదారి ఇక్కడి నుంచి గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగా శంషాబాద్ వైపు సాగిపోతుంది. ఒకవైపు కాటేదాన్ కర్మాగారాలు, మరొకవైపు 2008 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయం. ఈ రెండింటి మధ్య నివసించే వేలాది కుటుంబాలకు ఇక్కడ పగలు, రాత్రి అనే తేడా క్రమంగా చెరిగిపోయింది. ఫజ్ర్ నమాజ్ వేళకు ఒక షిఫ్టు వారు ఎర్రబడిన కళ్లతో బస్సు దిగుతుంటారు. మరొక షిఫ్టు వారు టిఫిన్ డబ్బా పట్టుకొని అదే బస్సు ఎక్కుతుంటారు.

ఈ ప్రాంతంలోనే మేము మూడు దశాబ్దాలుగా పిల్లలకు ఖుర్ఆన్ పఠనం, ఫిఖ్హ్ బోధిస్తున్నాము. మా వద్ద అలిఫ్, బే నేర్చుకున్న పిల్లలే నేడు విమానాశ్రయంలో సామాను మోస్తున్నారు, క్యాబులు నడుపుతున్నారు, గోదాముల్లో కాపలా కాస్తున్నారు. చదువు చెప్పించుకోవడం ఎన్నడో ముగిసినా వారు మా వద్దకు రావడం మానలేదు. అయితే ఇప్పుడు వారు పాఠం కోసం రావడం లేదు. మనసులోని బరువు దించుకోవడానికి వస్తున్నారు.

వారు ఏమి అడుగుతారు?

చాలామంది మొదట అడిగేది తావీజు. "మౌలానా, నిద్ర పట్టడం లేదు, ఏదైనా రాసి ఇవ్వండి" అంటారు. మేము వెంటనే కలం అందుకోము. "ఏ షిఫ్టు బేటా?" అని అడుగుతాము. వారానికి ఒకసారి మారుతుందని చెబుతారు. ఈ వారం రాత్రి, వచ్చే వారం పగలు. ఇంట్లో పిల్లలు మేల్కొనే వేళ తండ్రి పడుకోవాలి. ఒకే గది ఉన్న ఇంట్లో అది ఎలా సాధ్యం? ఆ శరీరానికి ఏ జిన్నూ పట్టలేదు. అలసట పట్టింది. ఆ మాట చెప్పినప్పుడు కొందరి ముఖంలో నిరాశ కనిపిస్తుంది. మరికొందరు తమ బాధకు ఒక పేరు దొరికినట్లు ఊపిరి పీల్చుకుంటారు.

క్యాబు నడిపే యువకులు అప్పుల గురించి చెబుతారు. 2020 మార్చి 25న దేశంలో విమానాలు ఆగిపోయాయి. రెండు నెలల తరువాత మే 25న దేశీయ విమానాలు తిరిగి ఎగిరాయి గాని, బ్యాంకు వాయిదాల మీద పేరుకున్న వడ్డీ మాత్రం కొందరి ఇళ్లలో ఏళ్ల తరబడి కూర్చుండిపోయింది. వడ్డీ హరామ్ అని ఆ యువకునికి తెలుసు. అది తెలియడమే అతని బాధను రెట్టింపు చేస్తుంది. అతనికి మళ్లీ ఫత్వా వినిపించవలసిన పని లేదు. అతను కోరేది తన మాట విని, బయటపడే దారి వెతకడంలో తోడుండే మనిషిని.

ఇంకొక యువకుడు కార్గోలో సామాను దించే పని చేసేవాడు. గల్ఫ్ దేశాలలో మరణించిన మన తెలంగాణ కార్మికుల శవపేటికలు వచ్చేది ఈ విమానాశ్రయానికే. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి వచ్చిన బంధువులు అంబులెన్సు పక్కన నిలబడి ఎదురుచూస్తారు. "మౌలానా, పెట్టె మీద పేరు చదవకూడదనుకుంటాను. కాని కళ్లు ఆగవు" అన్నాడు అతను. అతని అన్న దమ్మామ్‌లో పనిచేస్తున్నాడు. ఆ మాట విన్న తరువాత చాలాసేపు మా ఇద్దరి మధ్య మౌనమే ఉంది. ఆ మౌనాన్ని మేము వెంటనే ఉపదేశంతో నింపలేదు.

చాప్లెయిన్ అనే పదవి

ఇతర దేశాలలో ఇలాంటి మాటలు వినడానికే నియమించబడిన మనుషులు ఉన్నారు. వారిని చాప్లెయిన్ అంటారు. సైన్యంలో, ఆసుపత్రిలో, చెరసాలలో, కర్మాగారంలో ఉండి అక్కడివారి మనోవేదనను వినే ధార్మిక వ్యక్తి అని దాని భావం. ఈ పదం వెనుక క్రైస్తవ సంప్రదాయంలో ఒక కథ ఉంది. మార్టిన్ అనే సైనికుడు చలికి వణుకుతున్న బిచ్చగానికి తన అంగీని రెండుగా చీల్చి సగం ఇచ్చాడట. ఆ అంగీని భద్రపరచిన వారికి ఆ అంగీ పేరు మీదనే ఈ బిరుదు వచ్చింది.

ఈ పద్ధతి పని చోట్లకు చేరి ఎంతో కాలం కాలేదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో 1944లో టెడ్ వికమ్ అనే మతాచార్యుడు ఉక్కు కర్మాగారాలకు వెళ్లి కార్మికుల మధ్య కూర్చోవడం ప్రారంభించాడు. అమెరికాలోని బోస్టన్ విమానాశ్రయంలో 1951లో ఒక ప్రార్థనాలయం తెరిచారు. అది ముఖ్యంగా అక్కడ పనిచేసే సిబ్బంది కోసం ఏర్పాటైందన్న సంగతి గమనించదగినది. ప్రయాణికుడు గంటలో వెళ్లిపోతాడు, కార్మికుడు ప్రతి దినమూ అక్కడే ఉంటాడు. విమానాశ్రయాల చాప్లెయిన్లకు 1967 నుంచి ఒక అంతర్జాతీయ సంఘం కూడా ఉంది. అమెరికాలో టైసన్ అనే పెద్ద మాంసపు కంపెనీ 2000 నుంచి తన కర్మాగారాలలో చాప్లెయిన్లను నియమిస్తూ వస్తోంది. ముస్లింలు కూడా ఈ బాధ్యతలోకి వచ్చారు. అమెరికా సైన్యంలో 1993లో మొదటి ముస్లిం చాప్లెయిన్ నియమితులయ్యారు. హార్ట్‌ఫర్డ్ నగరంలోని ఒక క్రైస్తవ విద్యాలయం ముస్లిం చాప్లెయిన్లకు ప్రత్యేక శిక్షణ కూడా ఏర్పాటు చేసింది.

మన దేశంలో ఇది లేదని అనుకోనక్కరలేదు. భారత సైన్యంలో ధార్మిక ఉపాధ్యాయుల పదవులు ఉన్నాయి. పండితులు, గ్రంథీలు, పాదిరీలు, బౌద్ధ భిక్షువులతో పాటు మౌల్వీలను కూడా నాయబ్ సుబేదార్ హోదాలో తీసుకుంటారు. అంత్యక్రియలు జరిపించడం, ఆసుపత్రిలో ఉన్న జవానులను పరామర్శించడం, శిక్ష అనుభవిస్తున్న సైనికులను చూసి రావడం వారి విధులలో భాగం. మద్రసాలో ఆలిమ్ చదువు చదివిన మన పిల్లలకు ఈ ద్వారం తెరిచి ఉందని చాలా కుటుంబాలకు తెలియదు. కర్మాగారాల విషయానికి వస్తే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట సంక్షేమ అధికారి ఉండాలని చెప్పింది. కాని కాంట్రాక్టరు కింద, మళ్లీ అతని ఉపకాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి బాధ ఆ అధికారి గది వరకు చేరడం అరుదు.

మన వద్ద ఉన్న నిధి

పాఠకులారా, ఈ విషయాలు చదివినప్పుడు ఇదంతా పరాయి సంప్రదాయమని కొందరికి అనిపించవచ్చు. పదవి పేరు పరాయిదే. పని మాత్రం మన ఇంటిదే.

హిరా గుహలో మొదటి వహీ అవతరించిన తరువాత మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వణుకుతూ ఇంటికి చేరుకున్నారు. తమ మీద దుప్పటి కప్పమని కోరారు. హజ్రత్ ఖదీజా (రజి) ఆ సమయంలో ఏమి చేశారో ఒక్కొక్క మెట్టుగా పరిశీలించండి. మొదట దుప్పటి కప్పారు, ప్రశ్నలు వేయలేదు. వణుకు తగ్గిన తరువాత ఆయన చెప్పినదంతా విన్నారు. పిదప ధైర్యం చెప్పారు. ఆ ధైర్యం గాలిలో నుంచి తెచ్చినది కాదు. ఆయన బంధుత్వాలను నిలుపుతారని, బలహీనుల బరువు మోస్తారని, అతిథులను ఆదరిస్తారని ఆయన జీవితంలో నుంచే సాక్ష్యం తీసి ఆయన ముందు ఉంచారు. చివరకు, ఈ విషయంలో తనకంటె ఎక్కువ తెలిసిన వరఖా వద్దకు తీసుకువెళ్లారు. కప్పడం, వినడం, మనిషికి అతని మంచిని గుర్తు చేయడం, తెలిసినవారి వద్దకు చేర్చడం. నేటి శిక్షణాలయాలు ఎన్ని పుస్తకాలు బోధించినా ఈ నాలుగు మెట్లకు మించి ఏమున్నది? పైగా ఇస్లాం చరిత్రలో మొదటి ఓదార్పు ఒక ఆలిమ్ నోటి నుంచి గాక ఒక ఇల్లాలి చేతుల మీదుగా జరిగింది.

పనివారి సంగతి చూడండి. మస్జిదె నబవిని ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె మరణించినప్పుడు సహాబాలు అది చిన్న విషయమని తలచి ప్రవక్త (స)కు తెలియజేయకుండానే ఖననం చేశారు. ఆమె కనిపించకపోవడాన్ని గమనించినవారు ప్రవక్త (స)యే. విషయం తెలిసి, తనకెందుకు చెప్పలేదని అడిగి, ఆమె సమాధి వద్దకు వెళ్లి జనాజా నమాజ్ చేశారు. చీపురు పట్టిన మనిషి ఒక రోజు కనిపించకపోతే ఆమె ఎక్కడ అని అడగడం సున్నత్ అని దీని నుంచి గ్రహించాలి. ఈ నగరపు మెరిసే అంతస్తులలో ఎన్ని చోట్ల ఆ ప్రశ్న అడిగేవారున్నారు?

మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు ఆ ఇంటివారికి భోజనం వండి పంపమని ప్రవక్త (స) ఆదేశించారు. దుఃఖంలో ఉన్నవారికి పొయ్యి వెలిగించే స్థితి ఉండదు. చిన్న పిట్ట చనిపోయి బాధపడుతున్న అబూ ఉమైర్ అనే పసివానిని ఆయన పలకరించారు. ఒక జనాజా పోతుంటే లేచి నిలబడ్డారు. అది ఒక యూదునిదని చెప్పినప్పుడు, అది మాత్రం ఒక ప్రాణం కాదా అన్న భావంతో బదులిచ్చారు. కనుక ఓదార్పుకు కలిమా ఒక షరతు కాదు. పక్కన సామాను మోసే పాలమూరు సోదరుడు ఏ మతస్థుడైనా అతని కన్నీటికి మన వద్ద సమాన స్థానం ఉంది.

క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీరానికీ మనసుకూ కలిపి ఒక వైద్య గ్రంథం రచించారు. భయం, దిగులు, కోపం మనిషికి జ్వరంలాగానే వస్తాయని, వాటికీ చికిత్స ఉన్నదని ఆయన బోధించారు. మనోవ్యాధిని ఈమాన్ లోపంగా చిత్రించి మనిషిని మరింత కుంగదీసే వారు ఈ వారసత్వాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

జీతం ఎవరిది, చెవి ఎవరిది?

ఇంతవరకు అంతా సుందరంగానే ఉంది. చిక్కు ఎక్కడ వస్తుందో మా అనుభవంలో నుంచి ఒకటి చెబుతాము.

కొన్నేళ్ల క్రితం కార్మికులను సరఫరా చేసే ఒక కాంట్రాక్టరు మా వద్దకు వచ్చారు. ఆయన కింద పనిచేసే యువకుడొకడు రాత్రి షిఫ్టులో జరిగిన ప్రమాదంలో మరణించాడు. మిగిలినవారు భయపడుతున్నారు, కొందరు పనికి రావడం లేదు. "మౌలానా సాబ్, మీ మాట వాళ్లు వింటారు. వారానికి ఒకరోజు వచ్చి సబ్ర్ గురించి, తఖ్దీర్ గురించి చెప్పండి. నెలకు ఇంత అని ఇచ్చుకుంటాము" అన్నారు. ఆయన మర్యాదలో లోపం లేదు. లేవబోతూ మరొక మాట చేర్చారు. "ఎవరెవరు మానేయాలని అనుకుంటున్నారో, ఎవరు మిగతావారిని ఎగదోస్తున్నారో కాస్త మాకు కూడా తెలిస్తే మంచిది."

మేము మూడు మాటలు చెప్పాము. మొదటిది, మా వద్ద చెప్పుకున్న మాట అమానత్. అది మా ఛాతీలోనే ఉంటుంది, ఏ ఆఫీసు గదికీ చేరదు. దైవగ్రంథం నిషేధించిన కూపీలు లాగే పనిని మేము ఓదార్పు పేరిట చేయలేము. రెండవది, మీ వేతనం మాకు వద్దు. మూడవది, ముందు ఆ యువకుని భార్యకు రావలసిన పరిహారం, అతని ఓవర్‌టైమ్ బకాయి చెల్లించండి. ఆ తరువాత సబ్ర్ గురించి మాట్లాడుదాము.

"అది తఖ్దీర్ కదా మౌలానా" అన్నారు ఆయన.

"మరణం అల్లాహ్ నిర్ణయం. బకాయి మీ నిర్ణయం" అన్నాము.

ఆయన సలాము చేసి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. పని చోట మరణించిన కార్మికుని కుటుంబానికి పరిహారం ఇవ్వాలనే చట్టం ఈ దేశంలో 1923లోనే వచ్చింది. మా మసీదు జమాఅత్‌లోని ఒక వకీలు సోదరుడు ఫీజు తీసుకోకుండా ఆ చట్టం కింద దరఖాస్తు వేశారు. నెలలు గడిచాయి. చివరకు ఆ సోదరికి హక్కు దక్కింది. డబ్బు చేతికి వచ్చిన రోజున ఆమె మొదటిసారి భర్త మరణం గురించి మాతో, మా ఇంటివారితో మాట్లాడి కంటినిండా ఏడ్చింది. అంతవరకు ఆమె దుఃఖానికి తీరిక లేదు. కాగితాల వెంట తిరగడంలోనే ఆమె ఇద్దత్ గడిచిపోయింది.

సబ్ర్ అనే పదాన్ని మేము తక్కువ చేయడం లేదు. అది విశ్వాసికి వెలుగు. అయితే సబ్ర్ దైవదాసుడు తన ప్రభువు ముందు పాటించే గుణం. యజమాని తన బాధ్యత నుంచి తప్పుకోవడానికి కార్మికుని మీద కప్పే ముసుగు కాదు. చేతికింద పనిచేసేవారిని శక్తికి మించిన పనితో బాధించవద్దని, అలాంటి పని అప్పగిస్తే తామూ చేయి వేయాలని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించారు. బరువు దించగలిగి ఉండీ దించకుండా, బరువు మోయడంలోని పుణ్యాన్ని వర్ణించేవాడు ఓదార్చేవాడు కాడు.

దీనిని బట్టి కంపెనీలు ఓదార్చే మనిషిని నియమించరాదని మేము అనము. విమానాశ్రయాల వంటి చోట్ల కార్మికునికి మసీదు వరకు వచ్చే సమయమే ఉండదు. లోపలే ఒక గది, అందులో ఓపికగల ఒక మనిషి ఉండటం ఎంతో మేలు. ఆ మేలు నిలవాలంటే స్థలమూ సమయమూ యజమాని ఇవ్వాలి, పోషణ మాత్రం వేరే చేతి నుంచి రావాలి. మసీదుల బైతుల్‌మాల్, గుడి, చర్చి, కార్మిక సంఘం కలసి భరించవచ్చు. అది కుదరక యజమానే వేతనం ఇచ్చే పక్షంలో, అక్కడ విన్న మాట బయటకు పోదని కాగితం మీద రాసి గోడకు అంటించాలి. ఆ కాగితం చూసిన తరువాతనే కార్మికుడు నోరు విప్పుతాడు.

మనం చేయగలిగినది

ఆ కాంట్రాక్టరు వెళ్లిపోయిన తరువాత మేము గురువారాలలో మగ్రిబ్‌కూ ఇషాకూ నడుమ మసీదు వరండాలో కూర్చోవడం ప్రారంభించాము. ఎవరు వచ్చినా వింటాము. కొన్ని వారాలు ఎవరూ రారు. కొన్ని వారాలు ఇషా అజాన్ అయినా మాట పూర్తి కాదు. ఈ కాలంలో గ్రహించిన కొన్ని సంగతులు ఇతర మసీదుల బాధ్యులకు, మన కుటుంబాలకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాము.

మొదట విని తరువాత మాట్లాడాలి. మదరసాలో చదివిన మాకు హదీసు నాలుక చివరనే ఉంటుంది. దానిని కొంతసేపు ఆపుకోవడం కూడా ఒక ఇబాదత్.

స్త్రీల మాట వినడానికి స్త్రీలే ఉండాలి. విమానాశ్రయంలో, ఆసుపత్రుల్లో, పెద్ద ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే పనిలో ఎక్కువమంది మన అక్కలు, చెల్లెళ్లే. వారు పురుషుని ముందు చెప్పుకోలేని బాధలు ఉంటాయి. ఏకాంతంలో పరపురుషుడు వినడం షరీఅత్ దృష్టిలో కూడా తగదు. మా ఇంటివారు, ఆలిమా చదివిన మా కోడలు శుక్రవారం అసర్ తరువాత ఇంటి తలుపు తీసి ఉంచుతారు. తల్లి చివరి చూపుకు సెలవు దొరకని ఒక సోదరి మొదటి రోజు టీ తాగి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. నాలుగవ వారం మాట్లాడింది. ఆలిమా కోర్సు పూర్తి చేసిన మన అమ్మాయిలకు ఇంతకంటె గొప్ప ఖిద్మత్ ఏమున్నది?

మన హద్దు మనకు తెలియాలి. నిద్ర, ఆకలి వారాల తరబడి పోయినవారిని, బ్రతుకు వద్దని మాట్లాడేవారిని దుఆ చేసి పంపివేయరాదు. ఒంటరిగా వదలరాదు. వైద్యుని వద్దకు వెంట ఉండి తీసుకువెళ్లాలి. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరు మీద రేయింబవళ్లు ఉచితంగా లభిస్తుంది. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఈ నంబరును మా మసీదు నమాజ్ వేళల బోర్డు కింద రాయించాము. వరఖా వద్దకు తీసుకువెళ్లిన ఖదీజా (రజి) సున్నత్ ఇదే.

చివరగా ఇల్లు. షిఫ్టు ముగించి వచ్చిన భర్తను, కొడుకును, కూతురును గుమ్మంలోనే ఖర్చుల లెక్కతో ఎదుర్కోకండి. ఆ లెక్క న్యాయమైనదే, ఒక గంట ఆగగలదు. అలాగే పురుషులారా, మీ భార్య కూడా పని చేసి వచ్చినదైతే ఆమె కోసం దుప్పటి పట్టుకొని నిలబడవలసినవారు మీరే. ఇంటి పనిలో చేయి వేయడం ప్రవక్త (స) అలవాటు. పగలు పడుకున్న మనిషి ఉన్న ఇంట్లో పిల్లలకు మెల్లగా నడవడం నేర్పడం కూడా తర్బియత్‌లో భాగమే.

ప్రతి కంపెనీలో చాప్లెయిన్ వచ్చే రోజు కోసం ఎదురుచూడవలసిన అవసరం మనకు లేదు. రేపటి ఫజ్ర్‌లో మన పక్క వరుసలో రోజూ నిలబడే మనిషి కనిపించకపోతే, నమాజ్ అయిన వెంటనే అతని ఇంటి తలుపు తట్టవచ్చు. మన వీధి ఊడ్చే సోదరి రెండు రోజులు రాకపోతే, ఆమె ఎక్కడ అని అడగవచ్చు. విన్న మాటను కడుపులో దాచుకునే శక్తినీ, దించగలిగిన బరువును దించే ధైర్యాన్నీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.